ఆరున్నర, ఆరు

తమ్ముడికీ నాకూ కంటి పవర్ ఒకటే, రెండు కళ్ళకూ మైనస్ ఆరున్నర. కానీ కంటి డాక్టరు రాసిచ్చిన నా చీటీలో సిలిండర్, యాక్సిస్ అనే గడులు కూడా నిండి ఉంటాయి. కంటి గుండ్రంలో ఎంత వంకర ఉందో, అది ఏ కోణంలో ఉందో చెప్పే అంకెలవి. తమ్ముడి చీటీలో అక్కడ ఉత్త గీతలే. డిప్లొమాలో కోణాలు కొలవడమే చదువుకున్న నేను, ఆ గీతలను చూసి కుళ్ళుకున్నాను.

కాంటాక్ట్ లెన్సుల కోసం జగిత్యాలకు ఇద్దరం కలిసే వెళ్ళాం. తమ్ముడికి మొదటి జతే కుదిరింది. నాకు పెట్టింది మాత్రం రెప్ప కొట్టినప్పుడల్లా కంట్లో తిరిగి, గోడ మీది అక్షరాలు అలికినట్టయ్యేవి. రెండో రకమూ అంతే. ప్రస్తుతానికి అద్దాలే నయమన్నారు. కోరుట్ల బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చుని ప్రతి బోర్డూ పైకి చదివాడు. నేను శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ మళ్ళీ తుడిచాను.

ఇంట్లో వాడు కొత్త చీటీ చదివి వినిపించాడు. మైనస్ ఆరు.

"ఆరున్నర ఉండె గద! తగ్గిందారా?" అమ్మ చేతులెత్తి మొక్కింది. "కొండగట్టు అంజన్న తగ్గిచ్చిండు."

అంజన్న కాదు. అద్దం కంటికి పన్నెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. దగ్గరికొస్తే మైనస్ పవర్ తక్కువే సరిపోతుంది. వాడి కన్ను వెంట్రుకవాసి కూడా మారలేదు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు అమ్మ పక్కింటామెతో, "చిన్నోనికి మొక్కు ఫలించింది" అంటుంటే ఇక ఆగలేక, క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసి అమ్మ ముందు పెట్టాను.

"అన్నా, గిది గిప్పుడు అవసరమా?" అన్నాడు తమ్ముడు.

అమ్మ బొమ్మను చాలాసేపు చూసింది. "అంటే వానికి తగ్గలే?"

"తగ్గలే."

"మరి నీకు లెన్సులు ఎందుకియ్యలే?"

"నాకు సిలిండర్ ఉందమ్మా."

"గదేంది? ఎప్పటిసంది ఉంది?"

"ఎనిమిదో తరగతి నుంచి."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి! ఇద్దరి కండ్లకు ఆరున్నర అనే మొక్కిన. నువ్వు సగమే చెప్పినవ్."

నిజమే. అమ్మకు అర్థం కాదని పెద్ద అంకె ఒక్కటే చెప్పేవాణ్ణి.

ఆ మంగళవారమే ముగ్గురం కొండగట్టు వెళ్ళాం. వరుసలో చెమటకు నా అద్దాలు ముక్కు మీద జారుతూనే ఉన్నాయి. నా ముందు తమ్ముడు అద్దాల్లేకుండానే దూరాన రాసున్నది చదువుతున్నాడు. వాణ్ణి చూస్తే కడుపు మండుతూనే ఉంది.

అమ్మ నా చెయ్యి గుంజింది. "నీయి మొత్తం చెప్పు. తప్పు చెప్తే దేవుడు వేరేటోళ్ళ కండ్లకు ఇస్తడు."

కుడి కన్నుతో మొదలుపెట్టాను. పవర్, సిలిండర్, యాక్సిస్. తర్వాత ఎడమ కన్ను. అమ్మ పెదవులు కదుపుతూ నా వెంట పలికింది. గర్భగుడి దగ్గర పడేసరికి మొత్తం ఒకసారి తనే అప్పజెప్పింది.

"ఎడమ కంటికి నూట డెబ్బై కాదమ్మా," అన్నాను. "నూట అరవై."

"నూట అరవై," అని దిద్దుకుని, మళ్ళీ కుడి కన్ను దగ్గర్నుంచి మొదలుపెట్టింది.