ఎవరు ఏడుస్తారు?

మా ఆఫీసులో అర్జెంట్ అనే ముద్ర ఒకటుంది. ఒకప్పుడు అది బల్లమీదే పడి ఉండేది, ఎవరికి తోస్తే వాళ్ళు కొట్టుకునేవాళ్ళం. పరదాలు ఉతికించడం అర్జెంట్, గోడకి మేకు కొట్టించడం అర్జెంట్. చివరికి ఆ అర్జెంట్ గుట్ట అడుగున ఎవరిదో వైద్యం కాగితం మూడు నెలలు నలిగింది. అప్పుడు అటెండరు బాబాయ్ ముద్రని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకున్నాడు.

అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే ప్రశ్న.

"ఈ కాగితం ఇవాళ కదలకపోతే ఎవరు ఏడుస్తారు?"

ఎవరూ ఏడవకపోతే అది అర్జెంట్ కాదట, వట్టి తొందరట. అధికారి తన గదికి కొత్త ఫ్యాను అడిగితే, "మీరు ఏడుస్తారా అండీ?" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి లేదన్నారు. కాలు విరిగిన నా కుర్చీకీ అదే గతి పట్టింది. రెండు నెలలు స్టూలు మీద కూర్చుని టైపు కొట్టాను. ఆ మనిషిని చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

మొన్న గురువారం పదకొండింటికి ఆయన భార్యకి, అంటే మా పిన్నికి, కంటి ఆపరేషను. పదవుతున్నా బాబాయ్ గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"ఇంకా వెళ్ళలేదేం బాబాయ్?"

"సెలవు కాగితం పెట్టి పది రోజులైందమ్మా. మామూలు దొంతరలో ఉంది."

"ముద్ర వేసుకోవచ్చుగా?"

"మీ పిన్నిని అడిగాను. నువ్వు రాకపోతే నేనేం ఏడవను, పనికి పొమ్మంది."

"మరి నువ్వు?"

"నా కాగితానికి నేనే ఏడిస్తే ఎలాగమ్మా? రేపట్నుంచి అందరూ అదే చేస్తారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సరే, నేను ఏడుస్తున్నా. వెయ్యి ముద్ర," అని రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని దొంగ ఏడుపు మొదలుపెట్టాను. రుమాలు పక్కనుంచి చూస్తే ఆయన కాళ్ళ దగ్గర సంచి కనపడింది. అందులో ఫ్లాస్కు, మడతపెట్టిన దుప్పటి, పిన్ని చెప్పులు. ఇక ఏడుపు నిజంగానే ముంచుకొచ్చింది.

బాబాయ్ రుమాలు తీయమన్నాడు. నా కళ్ళలోకి పరీక్షగా చూశాడు.

"ఇది ఏడుపే," అని బీరువా తాళం తీశాడు. అధికారి నిమిషంలో సంతకం పెట్టారు.

ఆపరేషను గది బయట ఆయన్ని చూడగానే పిన్ని బావురుమందట. కంట్లో మందు వేశాం, ఏడవకూడదని నర్సు కేకలేసిందట.

"ఒక్క నిమిషం ఏడవనివ్వమ్మా," అన్నాడట బాబాయ్. "ఇది అర్జెంట్."