ఖాళీ సీటుకు బెల్ట్ పెట్టమన్న కారు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. హాస్టల్లో అమ్మాయిలు దుప్పట్లు కప్పుకుని అలాంటి కథలు చెప్పుకుంటుంటే మధ్యలో లేచి లైటు వేసిన మనిషిని. ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే దొరికింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ఫలానా తప్పు కనబడిందని వస్తే, మళ్లీ చేసి చూపించు అంటాం. రెండోసారి రాకపోతే దాన్ని మూసేస్తాం. బయట కూడా నాది అదే పద్ధతి.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇంకొకరు చెబితే నేనే నమ్మేదాన్ని కాదు.

మా నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. తణుకు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, కేపీహెచ్‌బీలో ఇల్లు తీసుకుని చివరిదాకా అక్కడే ఉన్నారు. కొత్త బండి కొనే స్తోమత ఎప్పుడూ లేదు గానీ బండ్ల పిచ్చి మాత్రం నిండా ఉండేది. కాలనీలో ఎవరు పాత స్కూటర్ కొనాలన్నా ముందు ఆయన్ని పిలిచేవారు. ఆదివారం పొద్దున్నే పూరీలు తినేసి ఆయన బయల్దేరితే వెనకాలే నేనూ.

నాన్న బండి చూసే తీరు వేరు. తను నడిపేవారు కాదు. అమ్మేవాడినే నడపమని, వెనక సీటు మీద కూర్చుని కళ్లు మూసుకునేవారు. "నడిపేవాడి ధ్యాసంతా రోడ్డు మీద ఉంటుందమ్మాయ్. ఊరికే కూర్చుంటేనే బండి వినబడుతుంది," అనేవారు. నేను ముందు నిలబడేదాన్ని. బండి నచ్చకపోతే వేలి ఉంగరంతో వెనకున్న స్టెప్నీ మీద టిక్కు టిక్కుమని కొడుతూనే ఉండేవారు. అది నాకు సైగ. తిరిగి రాగానే కొనేవాళ్లవైపు చూసి నేను తల అడ్డంగా ఊపాలి. మనిషి ఎదుటే అతని బండికి వంక పెట్టడం నాన్నకి మొహమాటం.

నచ్చితే మాత్రం చప్పుడే ఉండదు. ఇంటికి వచ్చాక అమ్మ "మీ నాన్న ఏమన్నారే?" అని నన్ను అడిగేది. "ఏమీ అనలేదు" అన్నానంటే బండి మంచిదని లెక్క.

ఆయనకి బొత్తిగా గిట్టనిది నీళ్లలో మునిగిన బండి. ఒక వానాకాలం నాలా పొంగి ఫ్యాక్టరీ షెడ్డులో ఉన్న ఆయన మొదటి స్కూటర్ మునిగిపోయింది. ఎన్నిసార్లు విప్పి బిగించినా అది మళ్లీ మనిషి కాలేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది.

అప్పట్లో హైటెక్ సిటీ అంటే బండరాళ్ల మధ్య ఒక గుండ్రటి అద్దాల భవనం. దాన్ని చూపిస్తానని నాన్న నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లారు. భవనం సంగతి నాకు పెద్దగా గుర్తులేదు. దాని ఎదురుగా ఆగి ఉన్న ముదురు ఎర్ర కారు బాగా గుర్తుంది. కిందకి వంగి, రెండే తలుపులతో, ఎవరినో తరమబోతున్నట్టు ఉంది. నాన్న స్కూటర్ ఆపి దాని చుట్టూ తిరిగారు. "పెద్దయ్యాక ఇలాంటిది కొనమ్మాయ్. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని వింటాను," అన్నారు.

చిన్నపిల్లని, సరేనన్నాను. కానీ మర్చిపోలేదు.

తర్వాత చదువు, ఉద్యోగం, ఫ్లాట్ వాయిదాలు, అమ్మ మోకాళ్ల ఆపరేషన్. కారు వెనక్కి జరుగుతూ వచ్చింది. ఒక శీతాకాలం నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండేళ్లకి గానీ నా చేతిలో కాస్త డబ్బు నిలవలేదు. అది కూడా మామూలు కొత్త కారుకి సరిపోయేంతే. ఒకసారి పెట్టేస్తే మళ్లీ పెట్టలేను.

పాత స్పోర్ట్స్ కార్ల సంగతి తెలిసినవాళ్లకి తెలుసు. కొత్తలో కోటి దగ్గర ఉన్న బండి కొన్నేళ్లకి మనలాంటివాళ్లకి అందే ధరకి దిగుతుంది. కొనడం తేలిక, మేపడం కష్టం. బ్రేకులు మార్చాలంటే నెల జీతం. మా ఫ్లాట్ ఉన్న మణికొండ సందుల్లో స్పీడ్ బ్రేకర్ వస్తే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. అందుకే నాలుగు నెలలు ఓపికగా వెతికాను. "ముగ్గురు కూడా సరిగా పట్టని కారు ఎందుకే?" అని అమ్మ సణిగేది. ఎందుకో ఆవిడకీ తెలుసు.

చివరికి కొండాపూర్ వైపు ఒక పాత కార్ల యార్డులో దొరికింది. జర్మన్ బండి. ముదురు ఎరుపు. నాన్న, నేను చూసిన ఆ కారుకి చెల్లెల్లా ఉంది. ధర నా లెక్కకి సరిగ్గా సరిపోయింది. చూడగానే మనసు పడిపోయాను. ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేద్దామని సిద్ధమై ఉన్నాను.

యార్డులో సేల్స్ చూసే నరేష్ టెస్ట్ డ్రైవ్‌కి వస్తూ పక్క సీటు తలుపు తీయబోయాడు. నేను వద్దని వెనక కూర్చోమన్నాను. ఆ సీటులో మొదట ఇంకెవరూ కూర్చోకూడదని నా మనసులో ఉంది. అది అతనికి ఎలా చెప్పను? ఆ కార్లలో వెనక సీటు పేరుకే. పాపం మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, నా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "బండి జబర్దస్త్ ఉంది మేడం. ఒక్కటే ఓనర్. జర తొక్కి చూడుర్రి," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్లున కాస్తోంది. బండి వెన్నలా సాగింది. మెయిన్ రోడ్డు ఎక్కగానే మోత మొదలైంది. పక్కన మనిషి బెల్ట్ పెట్టుకోకపోతే వచ్చే హెచ్చరిక. టింగు, టింగు, టింగు. పక్క సీటులో ఏమీ లేదు.

"బెల్ట్ పెట్టుర్రి మేడం పక్కదానికి. గట్లనే మోగుతది," అన్నాడు నరేష్ వెనక నుంచి.

"ఎవరూ లేరు కదండీ."

"మీ బ్యాగు ఉందేమో చూడుర్రి."

"బ్యాగు మీ దగ్గరే ఉంది."

అతను ఒళ్లోకి చూసుకున్నాడు. మోత ఆగలేదు. చెవులు హోరెత్తుతుంటే బండి పక్కకి ఆపాను. ఖాళీ సీటుకే బెల్ట్ పెట్టేద్దామని వంగి లాగాను. సగం వచ్చి పట్టేసింది. గట్టిగా గుంజాను. లోపల చుట్టుకుని ఉన్న భాగం బయటకి వచ్చింది.

పైభాగం నల్లగా ఉంది, లోపలిది మట్టిరంగు. మధ్యలో నీళ్లు నిలిచిన గీత. నా చేతి మీద సన్నటి ఒండ్రు రాలింది.

నాకు అర్థమైపోయింది. ఏదో సెల్లార్‌లో వాననీళ్లలో మునిగిన బండి అది. బయటంతా తుడిచి మెరుగుపెట్టారు గానీ బెల్ట్ చివరిదాకా లాగి ఎవరూ కడగలేదు. నేనూ లాగేదాన్ని కాదు. బెల్ట్‌ని ఎవరు చూస్తారు?

మర్నాడు మా ఆఫీసులో పనిచేసే శ్రీకాంత్‌ని తీసుకెళ్లాను. కరీంనగర్ కుర్రాడు, కార్లంటే ప్రాణం. నిజానికి ఆ ఎర్ర బండిని వదులుకోలేక వెళ్లాను. బెల్ట్ ఒక్కటే ఎక్కడినుంచో తెచ్చి వేశారేమో, మిగతాదంతా బాగానే ఉందేమో అని ఇంకా ఆశ.

శ్రీకాంత్ పక్క సీటులో కూర్చున్నాడు. బెల్ట్ పెట్టుకోలేదు. నేను నడిపాను. యార్డు చుట్టూ ఎంత తిప్పినా మోత లేదు. దిగి, ఫోన్ లైటు వేసి సీటు కిందకి తల పెట్టాడు. చాలాసేపు లేవలేదు.

"అక్కా, ఇది మునిగిన బండే. జర ఇటు చూడు," అన్నాడు. సీటు కింద నుంచి ఒక వైరు వేలాడుతోంది. దాని కొనకి మట్టి గడ్డకట్టి ఉంది. "మనిషి కూసున్నడని కారుకు చెప్పే వైరు ఇదే. ఎప్పుడో పీకేసిన్రు. దీంతోని ఎట్ల మోగుతది? నీకేమన్న భ్రమ అయ్యిందేమో."

నేను మాట్లాడేలోపే పక్కన నిలబడ్డ నరేష్ అన్నాడు. "లే సార్. నిన్న మోగింది. నేను గూడ విన్న." అతని మొహం పాలిపోయి ఉంది. మునిగిన సంగతి దొరికిపోయినందుకో, ఇంకెందుకో నాకు తెలియదు.

నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య పీకారేమో అని కూడా అడిగాను. శ్రీకాంత్ ఆ మట్టిని గోటితో గీకి చూపించాడు. అది ఒక్క రోజులో పట్టేది కాదు.

తిరిగి వస్తుంటే కొత్తగూడ దగ్గర నాకు తట్టింది. టింగు, టింగు. స్టెప్నీ మీద నాన్న ఉంగరం. నాకు భయం వేయలేదు. ఏడుపు వచ్చింది. కారు పోయిందని ఏడుస్తున్నాననుకుని శ్రీకాంత్, ఇంకోటి చూద్దాంలే అక్కా అని ఓదార్చాడు.

ఇంకోటి దొరకడానికి వానాకాలం దాటింది. గచ్చిబౌలిలో ఉండే ఒక పెద్దాయన అమ్ముకుంటున్న బూడిదరంగు బండి. ఎర్రదానంత జోరు లేదు, అంత అందమూ లేదు. ఆయన్నీ వెనకే కూర్చోబెట్టాను. నవ్వి కూర్చున్నారు. ఊపిరి బిగబట్టి నడిపాను. చప్పుడు లేదు. సీటు సెన్సర్ పాడైందేమోనని తర్వాత శ్రీకాంత్‌ని కూర్చోబెట్టాను. కూర్చుని బండి కదలగానే మోగింది. బెల్టులన్నీ చివరిదాకా లాగి చూశాం, శుభ్రంగా ఉన్నాయి. అదే కొన్నాను.

పూజ చేయించి, నిమ్మకాయల మీదుగా బండి దాటించాక, అమ్మని ఎక్కించుకోకుండా ఒక్కదాన్నే బయల్దేరాను. బాలానగర్ వెళ్లి, నాన్న ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి తిప్పుకుని వచ్చాను. దారంతా ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎర్ర కారు సంగతి ఆవిడకి అది జరిగినప్పుడే చెప్పాను. ఇప్పుడు నేను తలుపు తీయగానే అడిగింది.

"మీ నాన్న ఏమన్నారే?"

ఎన్నేళ్లయిందో ఆ మాట విని. "ఏమీ అనలేదమ్మా," అన్నాను.

"అయితే మంచి బండే," అని, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా వంగి పక్క సీటులో కూర్చుంది. బండి కదలగానే మోగింది. నవ్వుకుంటూ బెల్ట్ పెట్టుకుంది.

పీకేసిన వైరుతో ఆ రోజు ఎర్ర కారు ఎలా మోగిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లని అడిగాను, ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఆఫీసులో అయితే రెండోసారి రాలేదని ఎప్పుడో మూసేసేదాన్ని. దీన్ని మూయబుద్ధి కావడం లేదు.

రోజూ ఆ గుండ్రటి అద్దాల భవనం ముందు సిగ్నల్ పడుతుంది. ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి పక్క సీటు వైపు చూస్తాను. ఒక్కసారి మోగితే బాగుండు అనిపిస్తుంది. మోగితే బండిలో ఏదో తేడా ఉన్నట్టు. అది గుర్తొచ్చి, మోగకపోయినా ఫరవాలేదులే నాన్నా అనుకుని ముందుకి వెళ్లిపోతాను.