హఫర్ అల్ బాతిన్ ఇసుకలో మా షాహీనా గీసిన ఇల్లు

మా షాహీనా గీసిన ఇంటికి ఆ ఇంటి పెద్దావిడ ఒప్పుకునింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, కడుపులో పెట్టుకొని మిగతాది రాయడం నా వల్ల కాదు. నేను కడప పక్క మేస్త్రీని. చదివింది ఐదో తరగతి, నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టినా. నా బిడ్డ షాహీనా సౌదీలో, జుబైల్‌లో ఒక ఆఫీసులో ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంది. నేను విజిట్ వీసా మీద ఆమె దగ్గరికి వచ్చి నెలయింది. నాలాగే పిల్లల దగ్గరికొచ్చి, ఏసీ గదిలో టీవీ ముందు కూర్చున్న తల్లిదండ్రులు ఇది చదివి ఒక్కరోజైనా బయటికి కదలాలని రాస్తున్నా.

హఫర్ అల్ బాతిన్ దాటినాక ఒక పల్లెలో ఒక కుటుంబం కొత్త ఇల్లు కట్టుకుంటోంది. మా బిడ్డ ఎవరి సాయమూ లేకుండా గీసిన మొదటి ఇల్లు అది. రెండుసార్లు ప్లాన్ పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. ఇంటాయన అబూ నాసర్ "అమ్మకు నచ్చలేదు" అంటాడు, ఎందుకో ఆయనకూ తెలీదు. ఈసారీ కాదంటే పని ఇంకొకరికి ఇస్తామని ఆఫీసులో చెప్పేశారు. బిడ్డ రెండు రోజులు అన్నం కెలికి వదిలేసింది. తానే పోయి ఆ అమ్మను అడుగుతానని బిడ్డ బయల్దేరితే, నేనూ వస్తానని చెప్పులేసుకున్నా.

తెల్లారి ఫజర్ నమాజు అయినాక ఐదున్నరకు కారెక్కినాము. డ్రైవర్ ఖాజా భాయ్‌ది నల్గొండ, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే, అరబ్బీ నీళ్ళలాగా మాట్లాడతాడు. నారియా అనే ఊరి దగ్గర ఆగి పరాఠాలు తిని, చాయ్ తాగినాము, ముగ్గురికీ పదిహేను రియాళ్ళు. అక్కడినుంచి రోడ్డు తాడు లాగి పట్టినట్టు ఉంటుంది. చలికాలం కాబట్టి ఇసుక మీద అక్కడక్కడ పచ్చగడ్డి, దాని కోసం ఒంటెలు. పల్లెకు చేరేసరికి పది దాటింది. రానుపోను పెట్రోలు రెండువందల రియాళ్ళలోపే.

వాళ్ళ పాత ఇల్లు చూస్తే నాకు ముచ్చటేసింది. మూడు గదులు, ముందర నల్లటి గుడారం, పక్కన గొర్రెల దొడ్డి. మేము దిగేలోపే గహ్వా అనే అరబ్బీ కాఫీ, ఖర్జూరాలు వచ్చినాయి. మొహానికి ముసుగేసుకొని పెద్దావిడ, పక్కన కొడుకు అబూ నాసర్. షాహీనా ప్లాన్ పరిచి అరగంట చెప్పింది. పెద్దావిడ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చేత్తో పక్కకు జరిపేసింది. ఖాజా భాయ్ నా చెవిలో, "ఆమెకు గీతలే కనవడ్తున్నయ్ మేస్త్రీ, ఇల్లు కనవడ్తలేదు" అన్నాడు.

మా ఊర్లో అయితే పునాదికి ముందు నేల మీద ముగ్గు పోస్తాం. సున్నపు గీతలే గోడలు, గీత తెగినచోట వాకిలి. పక్కనే కొత్త ఇంటి సైటు, దాని మూల సున్నం బస్తా ఒకటి కనపడింది. "నాయనా, ఈ వయసులో వొంగుతావా?" అనింది బిడ్డ. "తాడు పట్టుకో" అన్నా. నేను, ఖాజా భాయ్ గంటన్నర ఇసుక మీద ఇల్లంతా నిజం కొలతకు పోసినాము. లేచి నడుం పట్టుకొని చూసుకుంటే గర్వమనిపించింది.

షాహీనా కాగితం చూసింది, నేల చూసింది. "నాయనా, వంటిల్లు ఎక్కడ పోసినావు?"

"ఎక్కడేంది, ఆగ్నేయంలో."

"నేను గీసింది వెనక, పడమటి పక్క. ఇది కడప కాదు నాయనా."

నా చేతులకు నలభై ఏళ్ళ అలవాటు. కాగితం చూసే పోసినా అనుకున్నా, మూలకొచ్చేసరికి చెయ్యి దాని దారిన అది పోయింది. బిడ్డకున్న ఒక్క అవకాశం నేనే చెడగొట్టినా. చెరిపేద్దామని కాలు పెట్టబోతే ఖాజా భాయ్ చెయ్యి పట్టి ఆపినాడు. పెద్దావిడ అప్పటికే గీతల లోపలికి వచ్చేసింది.

గీతలు తొక్కకుండా, వాకిళ్ళలోంచే నడిచింది. అన్ని గదులూ తిరిగి నా తప్పు వంటింట్లో నిలబడింది. అక్కడినుంచి తూర్పు గేటు, దాని వెనక రోడ్డు. రోడ్డు వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. ఖాజా భాయ్ తెలుగు చేసినాడు: "కాగితంల నన్ను ఎనక మూలకు తోసిన్రు. బండి దుమ్ము లేవంగనే ఎంతమంది వస్తున్రో చూసి గహ్వా పెడ్త నేను. ఎనక ఉంటే నాకెట్ల తెలుస్తది? ఈడ తెలుస్తది, అంటుంది."

కొడుకు తల అడ్డంగా ఊపినాడు. వచ్చే మగవాళ్ళకు లోపలి ఆడవాళ్ళు కనపడతారు, కుదరదన్నాడు.

అప్పుడు చూడాల్సింది నా బిడ్డను. ఇసుకలో గొంతుక్కూర్చొని, పెన్సిలు తీసి, ముప్పావుగంట తల ఎత్తలేదు. వంటింటి ముందర జాలీ గోడ పెట్టింది, లోపలినుంచి గేటు కనపడుతుంది, బయటినుంచి లోపల కనపడదు. వచ్చిన మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ వాకిలి ఉత్తరానికి తిప్పింది. వాయవ్యం నుంచి షమాల్ గాలి వస్తుంది కాబట్టి వంటపొగ కూడా ఇంట్లోకి రాకుండా బయటికే పోతుందని అబూ నాసర్‌కు అరబ్బీలోనే చెప్పింది. నాకు తోచింది ఒక మూల, బిడ్డకు తోచింది ఇల్లంతా. ఆయన తల్లి వైపు చూసినాడు. ఆమె "ఖలాస్", అంటే ఇంక ఇదే ఖాయం, అని, షాహీనా తల మీద చెయ్యి పెట్టి, ఇప్పుడే సంతకం పెట్టమని కొడుక్కి చెప్పింది. తర్వాత మాంసం అన్నం తినకుండా కదలనీయలేదు.

తిరుగుదారిలో ఖాజా భాయ్, "తప్పు చేసినా మేస్త్రీ కూలి అడుగుతడు" అని ఏడిపిస్తుంటే, బిడ్డ వెనక సీట్లో నోరు తెరుచుకొని నిద్రపోతోంది. ఇన్నేళ్ళూ ఎవరో గీసిచ్చిన ఇళ్ళు కట్టినా. ఎవరు గీసినారని అడిగిందీ లేదు. నా కడుపున పుట్టిన బిడ్డ గీస్తుందని, ముక్కూమొహం తెలీని ఊర్లో ఒక తల్లి అందులో బతుకుతుందని అప్పుడు ఎవరైనా చెప్పుంటే నవ్వేవాణ్ణి. మీరు ఆ పక్క పోతే ఒక్క సలహా: పొద్దున తక్కువ తినండి, దారిలో నీళ్ళు పెట్టుకోండి, శుక్రవారం పోవద్దు.

ఊర్లో ఇది చదివినవాళ్ళు ఈ మాట చెప్పాల్సింది వీళ్ళకు: ప్రొద్దుటూరులో మా పెద్దక్క. రాయచోటిలో మా తమ్ముడు, వాడి పెళ్ళాం, ఇద్దరికీ విడివిడిగా. షాహీనా మేనమామ, ఆడపిల్లకు సైటు పనేందని అన్నాడు కాబట్టి నలుగురున్నప్పుడు చెప్పండి. మైదుకూరులో మా వియ్యంకులు. చివరగా మా అమ్మ. తొంభై దగ్గర పడింది, ఫోన్‌లో వినపడదు. పక్కన కూర్చొని, చెవి దగ్గర మెల్లగా చెప్పండి. ఎవరి బిడ్డ అని అడుగుతుంది. నీ కొడుకు బిడ్డే అని చెప్పండి. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి.