మైపాడులో మూడో స్ట్రైక్

క్రీడాశాఖలో బేస్‌బాల్ కోచ్‌గా నా చివరి పోస్టింగు నెల్లూరు జిల్లాకు పడింది. కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవి అది. కోస్తా జిల్లాల మధ్య, ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే లీగ్ ఒకటి అప్పుడే మొదలైంది. నన్ను డెప్యుటేషన్ మీద నెల్లూరు జట్టుకు హెడ్ కోచ్‌గా పంపారు. జట్టుకు ‘కెరటాలు’ అని పేరు పెట్టి ఉంచారు. పేరు తప్ప అప్పటికి జట్టు లేదు.

ఎంపికలు నేనే చేశాను. జువ్వలదిన్నెలో వేటకు వెళ్లే పోలయ్యను పిచ్చర్‌గా తీసుకున్నాను. క్రికెట్లో బౌలర్ చేసే పని ఇక్కడ పిచ్చర్‌ది. బంతి మాత్రం నేలకు తగలకుండానే బ్యాటర్‌ను దాటాలి. పోలయ్య బంతి సరిగ్గా బ్యాటర్ ముందుకొచ్చి కిందికి జారిపోయేది. దాన్ని పట్టడానికి బ్యాటర్ వెనక క్యాచర్‌గా కూర్చున్నది ఇందుకూరుపేట రైతు పెంచలయ్య. మొదట్లో ఆ బంతులు అతని ఛాతీకవచం మీద ధబీమని పడేవి.

“ఏంది సార్, నేను చెయ్యి పెట్టిన చోటికి ఒక్కటీ రాదే!” అని నవ్వేవాడు.

సీజన్ మొదటి సగం ఓడుతూనే పోయాం. తర్వాత పుంజుకున్నాం. చివరి లీగ్ మ్యాచ్‌కు ముందు యాజమాన్యం తేల్చి చెప్పింది: ఇది గెలిచి సెమీఫైనల్‌కు చేరకపోతే జట్టును రద్దు చేస్తారు. పోలయ్య బోటులో తన చోటు వేరే వాళ్లకు వదిలి వచ్చినవాడు. ఆ పొద్దున బూట్ల తాళ్లు కట్టుకుంటూ, “ఈడ కుదరకపోతే మళ్లీ ఆడికే పొయ్యి చోటు అడగాల సార్,” అన్నాడు.

మైపాడు బీచికి దగ్గరలోని మైదానం. తాళ్ల అవతల జనం కిక్కిరిసి ఉన్నారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో మేము ఒక్క పరుగు ముందున్నాం. ప్రత్యర్థులు ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఆట ముగుస్తుంది. ఒకడు పరుగు పూర్తికి ముందు ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ మీద ఉన్నాడు. బ్యాటర్‌కు అప్పటికే రెండు స్ట్రైకులు. కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్, మూడైతే అవుట్. ఇంకొక్కటి చాలు.

పోలయ్య విసిరాడు. బ్యాటర్ బలంగా తిప్పాడు, తగల్లేదు. మూడో స్ట్రైక్! మైదానం హోరెత్తింది. మా మొదటి బేస్ ఆటగాడు సుధాకర్ తన చోటు వదిలేసి, చేతులు చాచి పోలయ్య వైపు పరుగెత్తాడు.

కానీ ఆట అయిపోలేదు. బంతి నేలకు తగిలి, పెంచలయ్య కవచం మీద పడి వెనక్కి దొర్లిపోయింది. ఇలాంటప్పుడు క్యాచర్ బంతిని నేరుగా పట్టకపోతే బ్యాటర్ అవుట్ కాడు. మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. అతను పరుగెత్తాడు. మూడో బేస్ వాడు, బ్యాటర్ నిలబడే హోమ్‌ప్లేట్ వైపు బయల్దేరాడు. అతను చేరితే స్కోరు సమం. పెంచలయ్య వెనక కంచె దాకా ఉరికి బంతి అందుకున్నాడు. బ్యాటర్‌ను అవుట్ చెయ్యడానికి మొదటి బేస్‌కు విసురుదామంటే అక్కడ ఎవరూ లేరు. నేను అరుస్తున్నాను, జనం గోలలో నా గొంతు నాకే వినపడలేదు.

హోమ్‌ప్లేట్‌ను మా వాళ్లు ‘ఇల్లు’ అనేవాళ్లు. క్యాచర్ బంతి వెంట వెళ్తే పిచ్చర్ వచ్చి ఇల్లు కాయాలి. సుధాకర్ కౌగిలించుకోబోయేసరికి పోలయ్య అక్కడ లేడు. అతన్ని తప్పించుకుని ఇంటి వైపు దూసుకొస్తున్నాడు.

“పెంచలన్నా! ఇంటికెయ్! ఇంటికి!” అని అరిచాడు.

పెంచలయ్య మోకాళ్ల మీద నుంచే విసిరాడు. బంతి, పోలయ్య, నేల మీద జారుతూ వచ్చిన ప్రత్యర్థి అంతా ఒకే దుమ్ములో కలిసిపోయారు. అతను ఇల్లు చేరకముందే పోలయ్య గ్లవ్ అతని భుజానికి తగిలింది. అంపైర్ చెయ్యెత్తలేదు. బంతి లోపల ఉన్న గ్లవ్ తగిలితేనే అవుట్. అందుకే వంగి గ్లవ్ చూపించమన్నాడు. పోలయ్య పైకెత్తి చూపించాడు. బంతి లోపలే ఉంది.

అంపైర్ పిడికిలి గాల్లోకి లేచింది. జనం తాళ్లు దాటేశారు.

“నువ్వు పారిపోతా ఉంటే నాకు భయమైందిరా!” అని సుధాకర్ అంటుంటే పోలయ్య నవ్వలేక, ఊపిరి అందక నేల మీద కూలబడ్డాడు.

సెమీఫైనల్లో ఓడిపోయాం. జట్టు మాత్రం నిలిచింది. నేను రిటైరైన తర్వాత కూడా ఆడుతోంది. ఆ మ్యాచ్ తర్వాత నా శిక్షణ క్రమం మార్చుకున్నాను. అంతకుముందు కొత్తవాళ్లకు మొదట విసరడం, కొట్టడం నేర్పేవాణ్ణి. ఆ తర్వాత మాత్రం, బంతి చెయ్యి జారినప్పుడు ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో మొదటి రోజే నేర్పాను.