చావు దగ్గర ఆగకూడని కథ

నల్గొండ నుంచి కట్టంగూర్ వైపు ఒంటరిగా బస్సులో వెళ్తూ, చైనా పాత యుద్ధాల పోలికతో అల్లిన ఒక నెత్తుటి నవల చదువుతున్నాను. పక్కన కూర్చున్న గొర్లు కాచే అవ్వ ఆ కథేమిటో చెప్పమంది. దండంతా చచ్చి, మంచుకొండల్లో ఒక్క సిపాయి మిగిలిన చోటికి వచ్చేసరికి ఆమె ఊరొచ్చింది. ఆపేశాను.

అవ్వ లేవలేదు. "చావుకాడ కథ ఆపొద్దు బిడ్డా, కీడు. మా ఒగ్గు కథోళ్లు గూడ ఆపరు. గా పిలగాడు ఇల్లు చేరిండా?"

కండక్టరు దిగమని అరుస్తున్నాడు.

"చేరాడవ్వా. వాళ్లమ్మ అన్నం పెట్టింది," అన్నాను. నవలలో అతని ఊరే కాలిపోయింది.

అవ్వ తృప్తిగా దిగి, కిటికీ దగ్గరికొచ్చింది. "మరి నీకెవలున్నరు బిడ్డా, ఇంటికాడ?"

ఈసారి అబద్ధం దొరికేలోపే బస్సు కదిలింది.