కెజియా ఇంటి నక్షత్రం

కెజియా పుట్టింది కొడవలూరు దగ్గర, వరి నాట్లు వేసి బతికే ఇంట్లో. జడ్సన్‌ను చేసుకుని తోటపల్లి గూడూరు వైపు వచ్చాక రొయ్యల షెడ్డులో తలలు తీసే పని నేర్చుకుంది. ఐసులో నాని ఆమె వేళ్లు ఎప్పుడూ మొద్దుబారి ఉంటాయి. జడ్సన్ రొయ్యల చెరువుల మీద మోటార్లు చూసేవాడు. ఈ వానాకాలంలో ఒక మోటారు బాగుచేస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు.

చావు జరిగిన ఇంటికి ఆ ఏడు క్రిస్మస్ నక్షత్రం కట్టరు. ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే సంఘంవాళ్లు ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి దాటిపోతారు. అది మర్యాద.

డిసెంబరు రాగానే కెజియా నెల్లూరు నుంచి ఎర్ర కాగితం నక్షత్రం తెచ్చింది. అత్త అబిగయీలు చూసి మండిపడింది.

"ఏందే ఇది? ఊరు నవ్వదా?"

"నవ్వనీ అత్తా."

"కరెంటే గదా వాణ్ణి తీసకపొయింది. మళ్లా ఆ కరెంటుతోనే ఇంటికి సింగారమా?"

ఆ మాట కెజియాకూ గుచ్చుకుంది. అయినా తగ్గలేదు. "సింగారం కాదత్తా. యేసయ్య వచ్చింది వెలుగుండే ఇళ్లకేనా? మన ఇల్లు చూడు, ఎట్టుందో. ఈ ఏడు కట్టకపోతే ఇంకెప్పుడు కట్టేది?"

"పాస్టరు గారు ఇంక ఇంట్లో కూర్చోవచ్చు. ప్రసంగాలు నువ్వే చెప్పు."

ఆదివారం ఆరాధన అయ్యాక పాటల జట్టు పెద్ద హెన్రీ, కెజియా దగ్గరికొచ్చాడు. "ఈసారి మీ ఇల్లు వదిలేస్తాంలే చెల్లెమ్మా."

"వదలబాకండన్నా. గట్టిగా పాడండి."

"మీ అత్త ఒప్పుకునిందా?"

"లేదు. నేను కడతా."

ఆ సాయంత్రమే మెయిన్ ఆపి, వైరు అతుకులకు టేపు చుట్టి, బల్బు బిగించి, నక్షత్రాన్ని ఎండు వెదురుకు కట్టి నిలబెట్టింది. మెయిన్ మళ్లీ వేసింది. నక్షత్రం స్విచ్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. మానేద్దామనే అనుకుంది. అంతలోనే తల అడ్డంగా ఊపి చెయ్యి చాపింది.

"ఉండు," అంది అబిగయీలు వెనకనుంచి. గూట్లోంచి జడ్సన్ రబ్బరు చెప్పులు తెచ్చి కోడలి కాళ్ల ముందు పడేసింది. "ఇవేసుకో. ఉత్త కాళ్లతో ముట్టబాక."

కెజియా చెప్పులు తొడుక్కుని స్విచ్ వేసింది.

నక్షత్రం వెలిగింది. అబిగయీలు అటు చూడలేదు. చీపురు తీసుకుని, పాటలవాళ్లు నిలబడే చోటు ఊడవసాగింది.