ఓబన్న వండిన పితికిపప్పు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఓబన్నకు ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా పొయ్యి వెలిగించే అవసరం పడలేదు. మొదట తల్లి అలివేలమ్మ వండేది, పెళ్లయ్యాక భార్య యశోద వండేది. 1998లో యశోదకు పెనుకొండ దగ్గర ఒక పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే రైలెక్కితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఆ ఏడే అలివేలమ్మ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ చేతికి పట్టు రాలేదు.

కొన్నాళ్లు యశోదే తెల్లవారకముందు లేచి, రెండు పూటలకూ వండిపెట్టి స్టేషనుకు పరుగెత్తింది. ఒకరోజు రైల్లో నిలబడే కునికి, కమ్మీకి కొట్టుకుని నుదుటిమీద బొప్పితో ఇంటికొచ్చింది. ఓబన్న గుడ్డ తడిపి తెచ్చి ఆ బొప్పిమీద అద్దాడు.

"రేపట్నుంచి వంట నేను చేస్తా. నువ్వు తిని పో," అన్నాడు.

మర్నాటి రాగిసంగటి నిండా ఉండలే. ఆరేళ్ల కూతురు రాణి ఒక్కో ఉండా చిదిమి లోపలి పొడిపిండి చూపించింది. యశోద అదే తిని, బాక్సులోనూ అదే పెట్టుకుంది. అలివేలమ్మ మాత్రం ముట్టలేదు.

"మగ్గం మింద కూర్చునేవాడివి. చెయ్యి కాల్చుకుంటే పట్టుపోగు యాడ పట్టుకుంటావురా?"

ఆ మాటలో నిజముంది. వేళ్లు బొబ్బలెక్కి గరుకుదేరితే సన్నపోగు వాటికే చుట్టుకుని తెగుతుంది. అందుకని ఓబన్న తడిబట్టతో గిన్నెలు దించడం, చన్నీళ్లలో చేతులు ముంచి ముద్ద చెయ్యడం అలవాటు చేసుకున్నాడు. నెల తిరిగేసరికి సంగటి నున్నగా వచ్చింది, చింతాకుపప్పు కుదిరింది. తల్లి మాత్రం మజ్జిగతో నాలుగు మెతుకులు తిని లేచేది. మగవాడు వండితే వీధిలో నవ్వుతారని ఆమె బాధ కాబోలనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మగ్గం దగ్గర్నుంచి తలెత్తితే వంటింట్లో తల్లి కనిపించింది. ఖాళీ గిన్నెలో సంగటికట్టె పెట్టి కుడిచేత్తో తిప్పబోతోంది. కట్టె జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఓబన్న చూడనట్టు తల వంచుకున్నాడు. ఆ పూట నేత సాగలేదు.

మార్కెట్లోకి అనపకాయలు కొత్తగా వచ్చిన రోజులవి. మరుసటి రోజు గింజలు ఒలిచి నానబెట్టి, గిన్నె తీసుకెళ్లి తల్లి ముందు పెట్టాడు.

"పితికిపప్పు నాకు తెలీదమ్మా. నువ్వు చెప్పల్ల."

"నీ పెండ్లాము చెప్పలేదా?"

"ఆమెకు నీ మాదిరి రాదంట. ఆమే చెప్పింది."

అలివేలమ్మ ఒక గింజ ఎడమచేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. తోలు వేళ్లలో మిగిలి, పప్పు ఎగిరి గిన్నెలో పడింది. రాణి పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల పితికినవి సగం గోడకే తగిలాయి.

"కొబ్బర అంత మెత్తగా నూరొద్దు. తెల్లగడ్డ ఇంకో రెండు వెయ్యి. మంట తగ్గిచ్చు, పొంగుతాండాది సూడు," అంటూ అవ్వ కూర్చున్నచోటి నుంచే వంటంతా నడిపించింది.

ఆ సాయంత్రం నలుగురూ కలిసి కూర్చుని తిన్నారు. అలివేలమ్మ సంగటి రెండో ముద్ద అడిగి పెట్టించుకుంది.

"ఉప్పు రవంత తక్కువైంది," అంది.

"నువ్వు చెప్పినంతే వేసినా."

"అయితే నేను చెప్పిందే తక్కువలే," అని విస్తరి ఊడ్చినట్టు తినేసింది.

ఆ తర్వాత ఆమె పీట వంటింటి గడపలోకి మారింది. ఉలవచారు, పుల్లగూర, ఓళిగలు ఒకటొకటిగా కొడుక్కి నేర్పింది. ఎదురింటి పుట్టమ్మ నవ్వితే, "మావానికి నేనే నేర్పిచ్చినా. నీ కొడుకును పంపీ, వానికీ నేర్పిస్తా," అంది.

2004లో యశోదకు ధర్మవరానికే బదిలీ అయింది. ఇక వంట తను చూసుకుంటానంది. ఓబన్న ఒప్పుకోలేదు.

"పొద్దున పూట నువ్వు చెయ్యి. రాత్రి సంగటి నాకు వదిలెయ్. దినమంతా మగ్గంలో కూర్చుంటే నడుము పట్టేస్తాది, సంగటి గెలికితే సాగుతాది," అన్నాడు.

యశోద నవ్వి, పిండి డబ్బా అతని వైపు జరిపింది.